పదో నంబరు

పోయిన ఆదివారం తిరుపతి ఒక అబద్ధమాడాడు. చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. గుర్తులేకపోయినా ఫరవాలేదు, ఆయనకు మాత్రం వారం రోజులుగా అన్నం సయించనంతగా గుర్తుంది. రిటైరయ్యాక ఈ స్టేషన్ మాస్టరు జనగామలోని తన ఇంటి మేడ మీద, పన్నెండడుగుల ప్లైవుడ్ బల్ల పరిచి, ఇప్పుడు ఆనవాలు కూడా మిగలని సోమ్లగుట్ట అనే చిన్న స్టేషన్‌ను నమూనాగా కడుతున్నాడు. పట్టాలు, ప్లాట్‌ఫారం, గుట్ట, గేటు, అన్నీ అరచేతిలో ఇమిడేంత. వాట్సాప్‌లో రైలు పిచ్చోళ్ళ గుంపులో దొరికిన ఇద్దరు ఆదివారాలు వచ్చి సాయపడుతున్నారు. ఒకడు భూపాలపల్లి బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే కల్యాణ్. రెండో మనిషి మానుకోటలో లెక్కల టీచరు గోరీ. ఆ గోరీ పోయిన వారం అగ్గిపెట్టెలతో కట్టిన గేటు గదిని బల్ల మీద అంటిస్తూ, "గీ గేటు మీద మా బాపు రాంజీ నౌకరి చేసిండు సార్. ఆయన ఉన్నప్పుడు మీరు గక్కడ్నే ఉంటిరా?" అని అడిగింది.

"లేదమ్మా, ఆయన పోయినంక వచ్చిన నేను," అన్నాడు తిరుపతి. అలా అనేసి, ఫెవికాల్ మూత వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాడు. ఆ మూత ఆయన జేబులోనే ఉంది.

ఈ వారమంతా ఆ పిల్లను రావద్దని చెప్పడానికి సాకులు వెతికాడు. ఊరికి పోతున్నామని చెప్పవచ్చు. గదికి సున్నం వేయిస్తున్నామనవచ్చు. ఫోన్ చేతిలోకి తీసుకోవడం, ఆమె పేరు చూడడం, మళ్ళీ పెట్టేయడం. ఒక అబద్ధానికి కాపలాగా ఇంకో అబద్ధాన్ని పెట్టేంత సత్తువ ఆయనలో మిగల్లేదు. ఆదివారం పొద్దున ఆఖరి ప్రయత్నంగా భార్య సునందతో తలనొప్పిగా ఉందన్నాడు.

"పొద్దందాక బల్ల కింద దూరి వైర్లు పీకే మనిషికి తలకాయ నొస్తదా?" అంది సునంద, సర్వపిండికి బియ్యప్పిండి కలుపుతూ. "ఆళ్ళొస్తరని పల్లీలు గూడ ఏంచి పెట్టిన. పోయి స్నానం చెయ్యుండ్రి."

పదకొండింటికి కల్యాణ్ వచ్చాడు, పరకాల, హన్మకొండల మీదుగా రెండు బస్సులు మారి. భుజానికో సంచి, చేతిలో ఇంకో సంచి. మెట్ల మీద నుంచే కేకలు.

"అన్నా, మన గూడ్సుకు అసలు బొగ్గు తెచ్చిన. టీ జల్లెడతోని జల్లించి సన్నగ చేసిన. థర్మాకోల్ ముక్కలకు నల్లరంగేసి మోసం చేసుడు ఇయ్యాల్టితోని బంద్!"

మోసం అనే మాట విని తిరుపతి కిటికీ వైపు తిరిగాడు. కల్యాణ్‌కు అదేమీ తెలియదు. అతని ఉత్సాహమంతా రెండో సంచి మీద ఉంది. అందులోంచి పాత ఇంటర్‌కామ్ ఫోన్లు రెండు తీశాడు. దోస్తు ఎవరో లాడ్జి ఎత్తేస్తుంటే పట్టుకొచ్చాడట. బల్లకు ఈ చివర స్టేషన్ దగ్గర ఒకటి, ఆ చివర గేటు దగ్గర ఒకటి బిగించాడు. మధ్యలో సునంద పాత చీరను తాడు మీద వేలాడదీశాడు.

"చీరెందుకయ్యా?" అన్నాడు తిరుపతి.

"మాస్టర్‌కు గేటు కనవడదు గదన్నా. గేటాయనకు మాస్టర్ కనవడడు. నడిమిట్ల ఉండేది ఫోనొక్కటే. గట్ల ఉంటెనే మజా."

గోరీ పన్నెండు దాటాక మానుకోట రైలు దిగి వచ్చింది. ముప్పై అయిదేళ్ళ మనిషి. బడిలో పిల్లల్ని ఎలా చూస్తుందో పట్టాలనూ అలాగే చూస్తుంది, వంకర ఎక్కడుందా అని. బల్ల మీది తాటిచెట్లు ఆమె చేసినవే, చీపురు పుల్లలతో. తండా ఆడవాళ్ళ బొమ్మలూ ఆమెవే. వేలెడంత లేని ఆ బొమ్మల ఘాగ్రాలకు నూకల్లాంటి అద్దం ముక్కలు అంటించింది. అలాంటి మనిషి ఉత్త చేతులతో రాదు కదా. సంచిలోంచి నాలుగు కాగితాలు తీసి తిరుపతి ముందు పరిచింది. కాగితం నిండా వరసలుగా రెండంకెల నంబర్లు.

"ప్రైవేట్ నంబర్లు సార్. స్కూల్ల ప్రింట్ తీసిన. ఊకె బండ్లు గుండ్రంగ తిప్పుడు పిల్లల ఆట. మనం రూల్ ప్రకారం నడుపుదాం."

ఆ రూలేమిటో తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్పాలి. బండి వదిలే ముందు స్టేషన్ మాస్టరు గేటుకు ఫోన్ చెయ్యాలి. గేటుమ్యాన్ గేటు వేసి, తన దగ్గరున్న అచ్చు కాగితంలో వరసలో ఉన్న తర్వాతి నంబరు చదివి, దాన్ని కొట్టేయాలి. మాస్టరు ఆ నంబరును తన పుస్తకంలో రాసుకుని, అప్పుడు సిగ్నల్ ఇవ్వాలి. గేటు దగ్గరి కాగితం మాస్టరు కంటపడదు. కాబట్టి పుస్తకంలో నంబరు ఉందంటే ఫోన్ చేసినట్టే, గేటు పడ్డట్టే. ఒక బండికి ఒక నంబరు. అంతకుమించి ఏమీ లేదు.

"నేను గేటు కాడ కూసుంట," అంది గోరీ. తర్వాత కల్యాణ్ వైపు కాకుండా పట్టాల వైపు చూస్తూ చెప్పింది. "మా బాపు ఒక్క దినం నంబరు చెప్పి గేటేసుడు మర్చిపోయిండట. బీక్యా కాక మిర్చి బస్తాల బండి కట్టుకొని పోతుంటే గూడ్సు గుద్దింది. ఎడ్లు రెండు సచ్చినయి, కాకకు కాలు పోయింది. బాపు నౌకరి పోయింది. ఇరవై ఏండ్లు గేటు కాసిన మనిషి ఎట్ల మర్చిపోతడో నాకు సమజ్ కాలె సార్. నంబరు చెప్పినంక గేటేసే నడుమ ఎంతసేపుంటదో గా గేటు కాడ కూసోనన్న సూస్త. గందుకే నేను గీ ఆటకొచ్చిన."

కల్యాణ్ ముఖంలో నవ్వు పోయింది. తిరుపతికి అప్పుడే చెప్పేయాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ముప్పై ఏళ్ళు దాచుకున్న మాట అంత సులువుగా బయటికి వస్తుందా! "సరే, మొదలుపెడదాం," అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

గోరీ చీర అవతలికి వెళ్ళింది. కల్యాణ్ గూడ్సు పెట్టెల్లో బొగ్గు పోసి కంట్రోలు దగ్గర నిలబడ్డాడు. తిరుపతి ముందు తెల్లకాగితం, పెన్సిలు, ఫోన్. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడి ప్లాట్‌ఫారం రాళ్ళు మెరుస్తున్నాయి. ఆయన ఫోన్ ఎత్తి బటన్ నొక్కాడు. అవతల గణగణమని మోగింది.

"గేటు," అంది గోరీ. తండ్రి ఎలా అనేవాడో అలాగే అంది, రెండక్షరాలు, పొడిగా.

ఆ ఒక్క మాటతో తిరుపతికి వయసు ముప్పై ఏళ్ళు తగ్గిపోయింది. చేయి తనంతట తనే పెన్సిలు అందుకుంది. నోరు తనంతట తనే తెరుచుకుంది.

"ఆఁ... ఓ పది చెప్పు."

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు. కల్యాణ్ తల తిప్పి చూశాడు. ఒక బండికి ఒక నంబరని అప్పుడే కదా అనుకున్నారు, పది ఎందుకని అతని అనుమానం. తిరుపతి దిద్దుకునేలోపే గోరీ గొంతు మళ్ళీ వచ్చింది, నెమ్మదిగా, ఒక్కొక్కటే.

"అరవై రెండు. పద్దెనిమిది. తొంభై. ముప్పై మూడు. డెబ్బై అయిదు."

ఆయన రాస్తున్నాడు. రాయకుండా ఉండలేకపోయాడు.

"ఇరవై ఒకటి. యాభై ఆరు. ఎనభై నాలుగు. పదమూడు."

కొంచెం ఆగింది.

"నలభై ఏడు."

"రాసుకున్న," అన్నాడు తిరుపతి.

అన్నాక కాగితం చూసుకున్నాడు. పదో నంబరు నలభై ఏడు. మిగతా తొమ్మిదీ ఆనాటి వరసలోనే. ఆ నంబర్లు గోరీ అచ్చు వేసిన కాగితంలో లేవు, ఇందాక ఆమె పరిచినప్పుడు ఆయన చూసిన మొదటి వరస వేరే. ఈ పదీ ముప్పై ఏళ్ళ కిందట ఒక పొద్దున ఒకే ఒక్క మనిషి ఆయన చెవిలో చెప్పినవి. తిరుపతి పెన్సిలు కింద పెట్టేశాడు.

చీర పక్కకు జరిగింది. గోరీ ఇంకా ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని ఉంది.

"కల్యాణన్నా, కిందికి పోయి అక్కకు జర సాయం చెయ్యరాదు," అంది. కల్యాణ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమీ అడగకుండా గూడ్సు స్విచ్ ఆపి మెట్లు దిగిపోయాడు.

గోరీ ఫోన్ పెట్టేసింది. వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"మా బాపుకు మతి తప్పి నాలుగేండ్లాయె సార్. అయినగని రోజు పొద్దుగాల ఆరింటికి లేచి కూసుంటడు. అరచేయి సూస్కుంట పది నంబర్లు చదువుతడు. రోజు గవే పది. చదివినంక ఊకుంటడు. ఎవరన్న రాసుకున్న అనాలె. అంటెనే చాయ్ తాగుతడు. మా అమ్మ తుల్సీబాయి ఉన్నన్నొద్దులు ఆమె అన్నది. ఆమె పోయినంక నేనంటున్న. దవాఖానల చూపెడితే ముసలితనం, గంతే అన్నరు. పదే ఎందుకో, రాసుకున్న అనే ఎందుకో మాకెవ్వలికి ఎర్కలేదు. రూల్ బుక్ తెప్పిచ్చుకొని మొత్తం సదివిన. గిట్ల పది చెప్పుడు గండ్ల ఏడ లేదు." ఆమె గొంతు పెరగలేదు. అందుకే ఆయనకు ఎక్కువ భయం వేసింది. "ఎవ్వలికి ఎర్కలేనిది మీకెట్ల ఎర్కైంది?"

ఈసారి తిరుపతి ఫెవికాల్ మూత వెతకలేదు.

"నేనేనమ్మా. ఆ దినం డ్యూటీల ఉన్నది నేనే."

ఆమె కూర్చోలేదు. ఆయనను కూర్చోనిచ్చింది, అంతే.

"పొద్దుగాల డ్యూటీ ఎక్కంగనే మీ బాపుకు ఫోన్ చేసేది," అని మొదలుపెట్టాడు. "గప్పటివి పిడి తిప్పే ఫోన్లు. మాటిమాటికి తిప్పుడు తప్పుతదని, పది నంబర్లు ఒక్కసారే చెప్పించుకునేది. ఆయన అన్ని కొట్టేసేటోడు, నేను రాసుకునేది. ప్యాసింజర్ల టైం ఆయనకు ఎర్కనే. టైం కాంగనే గేటేస్తుండె. గూడ్సులకు టైం ఉండదు గదా. గూడ్సొస్తే మాత్రం తప్పకుంట ఫోన్ చేస్త అని మాటిచ్చిన. రెండేండ్లు గట్లనే నడిచింది. ఏం కాలె."

"ఆ దినం?"

ఆ దినం గురించి తిరుపతి తనకు తాను ఎన్ని కథలు చెప్పుకున్నాడో లెక్కలేదు. పైనుంచి తొందర పెట్టారనుకున్నాడు. ఫోన్ పనిచేయలేదనుకున్నాడు. కొన్నేళ్ళు ఒంట్లో బాగాలేదని కూడా నమ్మాడు. అవన్నీ ఇప్పుడు ఆమె ముందు పెట్టవచ్చు. ఏదో ఒకటి పనికొచ్చేది. కానీ అద్దాల ఘాగ్రా బొమ్మలు బల్ల మీద నిలబడి చూస్తున్నాయి, ఆయనకు వాటి ముందే సిగ్గేసింది.

"నాలుగు గంటల పది నిమిషాలకు గూడ్సు. ముందుగాల పుస్తకంల నంబరు రాసిన. తొమ్మిది అయిపోయినయి, పదోది ఉన్నది. నలభై ఏడు. రాసి, ఫోన్ చేద్దామనుకున్న. రాసినంక... పని అయిపోయినట్టే అనిపిచ్చింది. సిగ్నల్ ఇచ్చిన."

"గంతేనా?"

"గంతే."

ఆమె ఇంకేదో ఉంటుందని ఎదురుచూసింది. ఏదైనా పెద్ద కారణం, ఒక కాలికీ ఒక బతుకుకీ సరిపోయేంతది. అలాంటిదేమీ లేదని అర్థమయ్యాక ఆమె చెయ్యి వెళ్ళి బల్ల అంచును పట్టుకుంది.

"మరి మా బాపు మర్చిపోయిన అని ఎందుకు చెప్పిండు?"

"నేనే చెప్పమన్న. గదే సాయంత్రం ఉరికిన గేటు కాడికి. బీక్యాను ట్రాక్టర్ల మానుకోట దవాఖానకు తీస్కపోయిన్రు. మీ బాపు పట్టాల నడుమ కూసోని ఏడుస్తున్నడు, నువ్వు ఫోన్ చెయ్యలె సాబ్, నువ్వు ఫోన్ చెయ్యలె అనుకుంట. నేను ఆయన భుజాలు పట్టుకున్న. ముందుగాలనే నంబర్లు చెప్పుకుంటమని తెలిస్తే ఇద్దరి నౌకర్లు పోతయి రాంజీ అన్న. రొట్టె తింటుంటి, ఎడమచేత్తోని ఫోనెత్తి నంబరు చెప్పిన, తిన్నంక గేటేద్దామని మర్చిపోయిన అను అన్న. ఆర్నెల్లల్ల నిన్ను మళ్ళ డ్యూటీలకు తెప్పిస్త అన్న. మూడుసార్లు ఆయనతోని అప్పజెప్పిచ్చుకున్న, విచారణల తడబడొద్దని." తిరుపతి కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకునే హక్కు లేదనిపించింది. "ఆయన గట్లనే చెప్పిండు. నేను తెప్పియ్యలే. నాకు ప్రమోషనొచ్చింది, ఊరు మారిన."

"మళ్ళ ఎన్నడు కలువలేదా?"

కలవలేదని చెబితే సరిపోయేది. అది పూర్తి అబద్ధం కూడా కాదు.

"ఒక్కపారి చూసిన. కాళేశ్వరం పోతున్నం కారుల, ఇంటిల్లిపాది. భూపాలపల్లి కాడ బొగ్గు లారీల మీద పార పట్టుకొని ఉన్నడు. మొఖమంత మసి. అయిన గుర్తుపట్టిన. కారు ఆగి ఉండె, అద్దం దించి ఉండె. నేను అద్దం పైకి ఎక్కిచ్చిన."

గోరీ అగ్గిపెట్టెల గేటు గది వైపు తిరిగింది. తర్వాత మాట్లాడింది తిరుపతితో అన్నట్టు లేదు.

"తండాల మమ్ముల ఎవ్వలు పిలువకపోయేది. పండుగకు పిలువకపోయేది, సావుకు పిలువకపోయేది. బీక్యా కాక బాపుకు సొంత చిన్నాయన కొడుకు. ఎదురుపడితే ఒక్క కాలు మీద నిలవడి మొఖం తిప్పుకునేటోడు. నాకు అయిదేండ్లు. నాతోని ఆడితే కాళ్ళు పోతయని పోరగాండ్లకు చెప్పిన్రు. గందుకే భూపాలపల్లి పోయినం. గింతైనా మా బాపు మీ మీద ఒక్క మాట అనలే. మాస్టర్ సాబ్ మంచోడు, ఎప్పటికైన పిలుస్తడు అనేటోడు. నేను చదువుకుంటుంటే గూడ గదే మాట. పిలుస్తడు, పిలుస్తడు."

ఆమె సంచిలోంచి సెల్‌ఫోన్ తీసింది.

"ఏం చేస్తున్నవమ్మా?"

"పిలువుండ్రి," అంది.

మానుకోటలో పక్కింటి ఉమ ఎత్తింది. ఆదివారాలు గోరీ లేనప్పుడు ముసలాయన్ను చూసుకునేది ఆమే. ఫోన్ బాపుకు ఇయ్యమని చెప్పి, గోరీ స్పీకర్ పెట్టి, దాన్ని బల్ల మీద అగ్గిపెట్టెల గేటు గది పక్కన ఉంచింది. అవతల ఏదో మంచం కిర్రుమంది.

"ఎవ్వలు?"

గొంతు ముసలిదైంది గానీ ఆ గొంతే. తిరుపతి లేచి నిలబడ్డాడు.

"రాంజీ... నేను. తిరుపతి. సోమ్లగుట్ట మాస్టర్ను."

అవతలి నుంచి వచ్చిన మాటలో అంత సంతోషం ఉంటుందని ఆయన అనుకోలేదు.

"మాస్టర్ సాబ్! నువ్వు పిలుస్తవని నాకు ఎర్కనే. గీళ్ళే నమ్మకపోయిన్రు. డ్యూటీ ఎప్పట్నుంచి సాబ్? రేపట్నుంచా?"

గోరీ ముఖం పక్కకు తిప్పుకుంది. తిరుపతి బల్ల అంచు మీద రెండు చేతులూ ఆనించాడు. తిట్టి ఉంటే బాగుండేది. శాపనార్థాలు పెడతాడని ముప్పై ఏళ్ళుగా భయపడ్డాడు గానీ, ఈ మాట వినాల్సి వస్తుందని ఎన్నడూ భయపడలేదు.

"రాంజీ, నా మాట ఇను. ఆ దినం నేను నీకు ఫోన్ చెయ్యలే. గూడ్సు ఇడిసిన, నీకు చెప్పలే. నీ తప్పు లేదు. మొత్తం నాదే. ఇంటున్నవా?"

"లేదు సాబ్," అన్నాడు రాంజీ. ఆయనను ఓదారుస్తున్నట్టు అన్నాడు. "నువ్వు చేసినవ్. ఫోన్ మోగింది, నేను ఇన్న. రొట్టె తింటున్న. ఎడమచేత్తోని ఎత్తిన. నలభై ఏడు అని చెప్పిన. తిన్నంక గేటేద్దామనుకున్న. మర్చిపోయిన సాబ్."

"కాదు రాంజీ, గది నేను చెప్పమన్న మాట. ఫోన్ మోగలే. నువ్వు రొట్టె తినలే."

"తిన్న సాబ్. జొన్నరొట్టె. తుల్సీ చేసి పంపింది, మీద ఎల్లిగడ్డ కారం. ఆ చేతి కారం ఫోన్‌కు అంటొద్దని ఎడమచేత్తోని ఎత్తిన." ముసలాయన గొంతు వణికింది. "బీక్యాకు చెప్పు సాబ్. కావాలని చెయ్యలే అని చెప్పు. నేను చెప్తే ఇంటలేడు."

ఆ తర్వాత ఉమ ఏదో సముదాయిస్తున్న చప్పుడు. గోరీ ఫోన్ తీసుకుని తండా మాటలో తండ్రికి నెమ్మదిగా రెండు మాటలు చెప్పి, ఆపేసింది.

తిరుపతి అలాగే నిలబడి ఉన్నాడు. ఆ రొట్టె ఆయన అల్లిందే. మనిషి చేతిలో లేని రొట్టెను పట్టాల మధ్య నిలబడి ఆయనే పెట్టాడు. ముప్పై ఏళ్ళలో దానికి ఎల్లిగడ్డ కారం కూడా వచ్చి చేరింది. ఒక మనిషి ఉద్యోగం పోగొట్టానని ఇన్నాళ్ళూ కుమిలాడు. పోగొట్టింది ఉద్యోగం ఒక్కటే కాదని, ఆ మనిషికి తాను చేయని తప్పును చేసినట్టు జ్ఞాపకం కూడా ఇచ్చానని ఈ రోజే తెలిసింది. ఇప్పుడు నిజం చెప్పినా అది రాంజీ చెవికి ఎక్కడం లేదు. ఇంకా కొన్నాళ్ళు పోతే దిద్దడానికి రాంజీలో ఏ జ్ఞాపకమూ మిగలదు.

"కాళ్ళు పట్టుకొమ్మన్నా పట్టుకుంటనమ్మా," అన్నాడు.

"మీరు కాళ్ళు పట్టుకుంటే మా బాపు మిమ్ముల లేపి కూసోవెడ్తడు. గంతే అయితది." గోరీ కన్నీళ్ళు పైటచెంగుతో తుడుచుకుంది. ఇప్పుడు మళ్ళీ బోర్డు ముందు నిలబడ్డ టీచరులా ఉంది. "మాట చెప్తే ఇంటలేడు సార్. కండ్లకు సూపెట్టాలె. వచ్చే ఆదివారం బాపును తీస్కొస్త. గీ గేటు కాడ కూసోవెడ్త. గీ ఫోన్ ఆయన ముంగటనే ఉంటది. మీరు గా కుర్చీల కూసోవాలె. నాలుగు పదికి నంబరు రాయాలె, గూడ్సు ఇడువాలె."

"ఫోన్..."

"చెయ్యొద్దు. గా దినం చెయ్యనట్టే. ఫోన్ మోగకుంటనే బండి వచ్చుడు మా బాపు సూడాలె. ఆయన చేతిల రొట్టె లేదని ఆయనే సూస్కోవాలె."

ఆమె సంచి అడుగు నుంచి ఒక చిన్న పెట్టె తీసింది. అందులో వెదురుపుల్లల ఎడ్లబండి, రెండు మట్టి ఎడ్లు, ఎర్రటి గుడ్డతో కుట్టిన మిర్చి బస్తాలు. బండి మీద మనిషి లేడు. దాన్ని తెరిచి ఉన్న గేటు మధ్య, పట్టాల మీద సరిగ్గా పెట్టింది.

"బండి తోలే బొమ్మ చెయ్యలే సార్. అసలు మనిషినే తీస్కొస్త. బీక్యా కాక గూడ సూడాలె. ముప్పై ఏండ్లకెల్లి ఆళ్ళిద్దరు ఒక్క సూరు కింద కూసోలే."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ముందు కల్యాణ్, చేతిలో చాయ్ గ్లాసులు. వెనకాల సునంద, సర్వపిండి పళ్ళెంతో. గదిలో ఏదో జరిగిందని ఆమెకు గుమ్మంలోనే తెలిసింది. భర్త తడి ముఖం వైపు, ఆ పిల్ల ఎర్రబడ్డ కళ్ళ వైపు చూసి, ఏం అడగాలో తోచక, అడగడానికి ఎప్పుడూ ఉండే మాటే అడిగింది.

"వచ్చే ఆదివారం గూడ గీ ముగ్గురేనా? ఎందరికి వండాలె?"

"ఇద్దరు ఎక్కువొస్తరక్కా," అంది గోరీ.

"ఎవలు?"

"సార్ చెప్తడు."

కల్యాణ్ గ్లాసులు బల్ల మీద పెట్టబోయి ఆగిపోయాడు. ముప్పై మూడేళ్ళ కాపురంలో సునందకు ఆయన చెప్పనిది ఇదొక్కటే. భూపాలపల్లి దగ్గర ఆ రోజు కారులో ఆయన పక్కన కూర్చున్నది ఆమే. ఎండగా ఉంది, అద్దం ఎందుకు ఎక్కించారని అడిగింది కూడా. దుమ్మొస్తుందన్నాడు.

తిరుపతి పది నంబర్లు రాసిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోబోయాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, దాన్ని విప్పి ఆమె ముందు పెట్టాడు.

"కూసో సునందా," అన్నాడు. "దుమ్ము రాలేదు."